ఈ-పుస్తకం, అచ్చు పుస్తకం: తయారీ ఖర్చుల తేడా (పటాన్‌చెరు–సంగారెడ్డి ప్రాంతం, తెలుగు ప్రచురణ రంగం)

పుస్తకం పాఠకుడి చేతికి చేరేలోపు అయ్యే ఖర్చు రెండు రకాలు. మొదటి ప్రతి సిద్ధమయ్యేదాకా అయ్యేది ఒకటి. రాతప్రతిని సరిదిద్దడం, టైపు చేయించడం, ప్రూఫులు చూడటం, బొమ్మలు, ముఖచిత్రం, పేజీల కూర్పు దీని కిందికి వస్తాయి. ఆ తర్వాత కాపీ కాపీకీ అయ్యేది రెండోది. కాగితం, అచ్చు, బైండింగు, గోదాము, రవాణా ఇందులోవి. ఈ-పుస్తకంలో రెండో రకం ఖర్చు దాదాపు ఉండదు. మొదటి రకం మాత్రం ఎక్కడికీ పోదు. తెలుగులో అయితే కొన్నిసార్లు ఇంకాస్త పెరుగుతుంది కూడా. ‘ఫైలే కదా, ఊరికే ఇవ్వొచ్చుగా’ అనే పాఠకుడికీ, పెట్టుబడి ఎలా తిరిగొస్తుందని అడిగే ప్రచురణకర్తకూ మధ్య వాదమంతా ఈ మొదటి ఖర్చు దగ్గరే వస్తుంది.

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, రామచంద్రాపురం, సంగారెడ్డి అనగానే మందుల కంపెనీలు, బీహెచ్‌ఈఎల్, ముంబయి రహదారి మీది లారీలు గుర్తుకొస్తాయి. పుస్తకాలతో ఈ పట్టీకి ఉన్న సంబంధం అంతగా ప్రచారంలోకి రాలేదు. అచ్చు నుంచి ఫైలుకు మారిన ఒక పెద్ద ప్రచురణ కార్యక్రమం నడిచింది మాత్రం ఇక్కడే.

పటాన్‌చెరు ముద్ర

మెట్ట పంటల పరిశోధన కోసం 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ ఏర్పడింది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ దాని ప్రధాన పంటలు. పరిశోధన సంస్థకు పుస్తకం పక్కపని కాదు. తేలిన సంగతి అచ్చులోకి ఎక్కి, ఆఫ్రికాలోనో ఆసియాలోనో ఇంకో శాస్త్రవేత్త బల్ల మీదికి చేరితేనే ఆ పని పూర్తయినట్టు. అందుకే వార్షిక నివేదికలు, సమాచార సంచికలు, సదస్సుల వ్యాస సంపుటాలు, పంటల వారీ వార్తాపత్రికలు దశాబ్దాలపాటు ఇక్కడి నుంచి వెలువడ్డాయి. 1981 నవంబరులో ఇక్కడ జరిగిన అంతర్జాతీయ జొన్న సదస్సు వ్యాసాలు మరుసటి ఏడాది సంపుటాలుగా వచ్చాయి. ప్రపంచంలో ఏ వ్యవసాయ గ్రంథసూచిక తిరగేసినా ప్రచురణ స్థలం దగ్గర లండన్, న్యూయార్క్‌ల సరసన ‘పటాన్‌చెరు 502 324’ కనిపించడానికి కారణం ఇదే. మన ఊరి పేరు ఇన్ని దేశాల గ్రంథాలయాల్లోకి వెళ్లింది కాగితం మీదుగానే.

ఈ ప్రచురణలకు ధరే ప్రధానమై ఉంటే బండి ముందుకు నడిచేది కాదు. చదవాల్సినవాళ్లు నైజర్, మాలి, కెన్యా, జింబాబ్వే వంటి దేశాల్లో ఉన్నారు. కొనే స్తోమత తక్కువ, తపాలా ఖర్చు ఎక్కువ. పుస్తకం బరువు పెరిగేకొద్దీ విమాన తపాలా భారం పెరుగుతుంది. కొన్ని దేశాలకు ఫ్రెంచిలో కూడా ఇవ్వాలి. అచ్చు వేసినదాన్ని పంచడమే అచ్చు వేయడమంత బరువైన పని అయ్యే పరిస్థితి ఇది. ఇంటర్నెట్ వచ్చాక ఇలాంటి సంస్థ దారి మార్చడం సహజం. 2000ల మధ్యలో వేరుశనగకు ఒకటి, శనగ–కందికి ఒకటి, జొన్న–చిరుధాన్యాలకు ఒకటిగా వస్తున్న వార్తాపత్రికల స్థానంలో ఒకే ఉచిత ఎలక్ట్రానిక్ పత్రిక వచ్చింది. 2009లో తన పరిశోధన పత్రాలను అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచాలని ఇక్రిశాట్ విధాన నిర్ణయం తీసుకుంది. పాత అచ్చు సంచికల స్కాన్‌లు కూడా సంస్థ ఆన్‌లైన్ భాండాగారంలో చేరాయి.

ఇక్కడ ఆదా అయినవి కాగితం, అచ్చు, తపాలా. పరిశోధకుడి జీతం, వ్యాసాన్ని సమీక్షించేవారి శ్రమ, సంపాదకుడి పని, పట్టికలూ బొమ్మలూ గీసేవారి పని యథాతథంగా మిగిలాయి. సర్వరు నిర్వహణ, ఫైళ్ల వర్గీకరణ కొత్తగా వచ్చి చేరాయి. ఆ ఖర్చును పాఠకుడు కాకుండా దాతలు, ప్రభుత్వాలు భరిస్తున్నారు కాబట్టే అది ఉచితం. ఉచిత ఈ-పుస్తకం ఎక్కడ కనిపించినా, దాని ఖర్చు ఎవరో ఒకరు ముందే చెల్లించారని అర్థం.

ఇదే జిల్లాలోని కంది గ్రామంలో ఉన్న ఐఐటీ హైదరాబాద్ ఈ వ్యవహారంలో కొనుగోలుదారు. 2008లో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం ప్రాంగణంలో తాత్కాలికంగా మొదలై కందికి మారిన ఈ సంస్థ ఈ-పత్రికల యుగంలోనే పుట్టింది. ఇలాంటి సంస్థల చందాల భారం ఎంతో 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన ‘ఒకే దేశం – ఒకే చందా’ పథకం చూస్తే తెలుస్తుంది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలను దాదాపు 6,300 ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందించే ఏర్పాటు అది. అందులో కాగితం ఖర్చు దాదాపు లేదు. అయినా బిల్లు 6,000 కోట్లు. ధరను ఉత్పత్తి ఖర్చు ఒక్కటే నిర్ణయించదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

అచ్చు పుస్తకం లెక్క

తెలుగు పుస్తకాల్లో ఎక్కువగా కనిపించే సైజు డెమ్మీ 1/8. 192 పేజీల కథల సంపుటి ఒకటి తీసుకుందాం. 16 పేజీలకు ఒక ఫారం చొప్పున 12 ఫారాలు. ఫారానికి రెండు వైపులా అచ్చు, అంటే లోపలి పేజీలకే 24 ప్లేట్లు. వంద కాపీలు వేసినా, పదివేలు వేసినా ప్లేట్లు అవే 24. ఆఫ్‌సెట్ అచ్చులో కాపీలు తగ్గితే ఒక్కో ప్రతి ధర ఎగబాకేది అందుకే.

కాగితం లెక్క కూడా చూద్దాం. 23×36 అంగుళాల డబుల్ డెమ్మీ షీటులో ఈ సైజువి 32 పేజీలు వస్తాయి. కాబట్టి కాపీకి ఆరు షీట్లు, వెయ్యి కాపీలకు ఆరు వేల షీట్లు, అంటే 12 రీములు. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల) మాప్‌లిథో కాగితమైతే రీము దాదాపు 18.7 కిలోలు తూగుతుంది. మొత్తం 224 కిలోలు. మిషన్ మీద, కటింగులో పోయే వేస్టేజీ ఐదు శాతం కలిపితే 236 కిలోలు. కిలో 80 రూపాయలు అనుకుంటే దాదాపు 19 వేలు, 18 శాతం పన్నుతో 22 వేల పైచిలుకు. కాపీకి 22 రూపాయల కాగితం. అచ్చు కూలి, ముఖచిత్రానికి ఆర్ట్ కార్డు, లామినేషన్, బైండింగు కలిపి మరో 28 రూపాయలు అనుకుంటే కాపీకి 50 అవుతుంది. టైపింగు, ప్రూఫులు, ముఖచిత్రం, పేజీల కూర్పు, ప్లేట్లు కలిసి 40 వేలు అనుకుందాం. ఇవి లెక్క అర్థం కావడానికి వేసుకున్న అంకెలు. ప్రెస్సును బట్టి, కాగితం మార్కెట్టును బట్టి మారతాయి.

అంటే వెయ్యి కాపీలకు పెట్టుబడి 90 వేలు, ప్రతికి 90 రూపాయలు. వెల 200 పెడితే, పంపిణీదారుకు 40 శాతం వదులుకోవాలి. తెలుగులో ఇది మామూలు కమిషనే, ఒక్కోసారి ఇంకా ఎక్కువ అడుగుతారు. చేతికి వచ్చే 120లో రచయితకు వెల మీద పది శాతం రాయల్టీ 20 తీసేస్తే 100. పెట్టుబడి 90 వేలు తిరిగి రావాలంటే వెయ్యిలో 900 కాపీలు అమ్ముడుపోవాలి. అమ్ముడుపోని కాపీ కాగితానికీ బైండింగుకూ కూడా డబ్బు ముందే ఇచ్చేశాం కదా. దాని మీద గోదాము అద్దె, చెద, తేమ.

అదే పుస్తకాన్ని 300 కాపీలే వేస్తే స్థిర ఖర్చు వాటా ఒక్కటే ప్రతికి 133 రూపాయలు దాటుతుంది. ప్లేట్లు అక్కర్లేని డిజిటల్ అచ్చుతో అవసరమైనన్ని కాపీలే వేసుకునే పద్ధతి ఈ ఇబ్బందికి విరుగుడుగా వచ్చింది. పేజీ రేటు ఆఫ్‌సెట్ కంటే ఎక్కువే అయినా పెట్టుబడి మూలన పడి ఉండదు. చిన్న ప్రచురణకర్తలు ఇప్పుడు దీనివైపు మొగ్గుతున్నది అందుకే.

కాగితం ధర వీళ్లెవరి చేతిలోనూ లేదు. తెలంగాణలో కాగితం మిల్లులంటే భద్రాచలం దగ్గరి సారపాకలో ఐటీసీ, కాగజ్‌నగర్‌లో సిర్పూరు. సిర్పూరు మిల్లు 2014లో మూతపడి 2018లో కొత్త యాజమాన్యం కింద తెరుచుకుంది. 2021–22లో ముడిసరుకు, రవాణా ధరలు పెరిగి కాగితం రేట్లు ఎగసినప్పుడు ఆ దెబ్బ నేరుగా పుస్తకాల వెలల మీద పడింది.

ఈ-పుస్తకం లెక్క

ఇదే సంపుటిని ఈ-పుస్తకంగా మాత్రమే తెస్తే ప్లేట్లు, కాగితం, బైండింగు ఉండవు. టైపింగు, ప్రూఫులు, ముఖచిత్రం, ఈపబ్ ఫైలు తయారీ కలిపి 35 వేలు అనుకుందాం. వెల 100. అమ్మే వేదిక 30 శాతం ఉంచుకుంటే 70 చేతికొస్తుంది. అందులో నాలుగో వంతు రచయితకు పోగా 52 రూపాయల 50 పైసలు మిగులుతాయి. పన్ను పక్కన పెట్టినా, పెట్టుబడి తిరిగి రావడానికి 667 కాపీలు అమ్మాలి. అచ్చుకు 900, ఈ-పుస్తకానికి 667. తేడా ఉంది, కానీ జనం ఊహించుకునేంత లేదు. డబ్బు పెట్టి తెలుగు ఈ-పుస్తకం కొనే పాఠకులు 667 మందిని కూడగట్టడం ఎంత కష్టమో ఈ రంగంలో ఉన్నవాళ్లకు తెలుసు.

అచ్చు పుస్తకంతో పాటే ఈ-పుస్తకం తెస్తే లెక్క పూర్తిగా మారుతుంది. మొదటి ప్రతి ఖర్చు అచ్చు పుస్తకమే మోస్తుంది. ఫైలు మార్పిడికి ఎనిమిది వేలు అయిందనుకుంటే 153 కాపీలకే అది తిరిగొస్తుంది. ఆ తర్వాత వచ్చేదంతా మిగులే. ఏళ్ల తరబడి ‘స్టాకు లేదు’ అనాల్సిన అవసరమూ ఉండదు. నా దృష్టిలో తెలుగు ఈ-పుస్తకం అసలు బలం ఇక్కడే ఉంది.

అమెరికా లెక్కలు కూడా ఇదే చెబుతాయి. 2010లో న్యూయార్క్ టైమ్స్ ప్రచురించిన అంచనా ప్రకారం 26 డాలర్ల గట్టి అట్ట పుస్తకంలో అచ్చు, నిల్వ, రవాణా కలిసి 3.25 డాలర్లే. అంటే వెలలో ఎనిమిదో వంతు. సగం దుకాణదారుకు పోతుంది, రచయిత రాయల్టీ 3.90 డాలర్లు. కాగితం పోతే పుస్తకం ధర సగానికి సగం పడిపోవాలని వాదించినవాళ్లకు ఆ అంకెలు కనువిప్పు. మన దగ్గర వెలలు తక్కువ, కాపీలు తక్కువ. కాబట్టి వెలలో కాగితం, అచ్చుల వాటా అక్కడికంటే ఎక్కువ. పై ఉదాహరణలో కాపీకి వేసుకున్న 50 రూపాయలు వెలలో నాలుగో వంతు.

అను ఫాంటు దగ్గర ఆగిపోయే పని

ఇంగ్లీషు ప్రచురణకర్తకు లేని ఖర్చు ఒకటి తెలుగువారికి ఉంది. మన డీటీపీ సెంటర్లలో చాలాకాలం పుస్తకాలన్నీ పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో తయారయ్యాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 2001లో వచ్చింది, అక్షరాలను అన్ని పరికరాల్లోనూ ఒకేలా నిల్వ చేసే యూనికోడ్ పద్ధతి దానికి తెలియదు. అను వంటి పాత ఫాంట్లలో తెర మీద కనిపించేది తెలుగు అక్షరమే గానీ, ఫైలు లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల సంకేతం. ఆ ఫాంటు లేని ఫోనులో తెరిస్తే అర్థంలేని రోమన్ అక్షరాల వరస కనిపిస్తుంది. అచ్చుకు ఇబ్బంది లేదు, ప్లేటు మీద పడేది బొమ్మే కాబట్టి. ఈ-పుస్తకానికి మాత్రం ఆ ఫైలు పనికిరాదు.

దాన్ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఏం జరుగుతుందో ఒక్క పేజీ చూస్తే చాలు. పాత ఫాంట్లలో తలకట్టు, గుడి, వత్తు వేర్వేరు ముక్కలు. కంటికి ఏది ఎడమన ఉంటే అది ముందు నిల్వ అవుతుంది. యూనికోడ్‌లో ‘ప్ర’ అంటే ప, పొల్లు, ర అనే క్రమం. ముక్కలను ఈ క్రమంలోకి తెచ్చేటప్పుడు వత్తు ఒక్కోసారి పక్క అక్షరానికి అతుక్కుంటుంది, దీర్ఘం జారిపోతుంది, అనుస్వారం ఉండాల్సిన చోట అంకె సున్న కూర్చుంటుంది. పుస్తకమంతా మళ్లీ మొదటి నుంచి ప్రూఫు చూడాలి. అప్పటికే మూడు ప్రూఫులు అయిన పుస్తకానికి ఇది నాలుగోది. ఫైలే దొరకని పాత పుస్తకాలను స్కాన్ చేసి అక్షరాలు గుర్తించే సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, ‘ఘ’ను ‘ఫు’గా, ‘థ’ను ‘ధ’గా చదువుతుంది. కొన్ని పుస్తకాలకు కొత్తగా టైపు చేయించడమే చవక.

ఈ ఖర్చు తప్పించుకోవడానికి చాలామంది అచ్చుకు పంపిన పీడీఎఫ్‌నే ఈ-పుస్తకంగా అమ్మకానికి పెడుతున్నారు. తయారీ ఖర్చు దాదాపు సున్నా. కానీ డెమ్మీ పేజీ ఫోను తెర మీద చీమల బారులా కనిపిస్తుంది. పెద్దది చేస్తే వరస వరసకూ పక్కకు జరుపుకుంటూ చదవాలి. అక్షరం సైజు మార్చుకునే వీలుండదు, మాట వెతికితే దొరకదు, చూపు లేనివారికి వినిపించే సదుపాయం పనిచేయదు. పాఠకుడు ఒకసారి కొని, రెండోసారి కొనడు.

అమ్మే చోటు విషయంలోనూ తెలుగు వెనకబడింది. అమెజాన్ 2016 చివర్లో కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు తెచ్చినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. అప్పటికి ఆరేళ్ల ముందే, 2010లో, హైదరాబాదు నుంచి కినిగె తెలుగు ఈ-పుస్తకాల అంగడి తెరిచింది. గూగుల్ ప్లే పుస్తకాల్లోనూ తెలుగు అమ్ముతారు. పెద్ద వేదిక ఒకటి తలుపు తీయకపోతే ఆ మేరకు కొనేవారు తగ్గుతారు. కొనేవారు తగ్గితే స్థిర ఖర్చు ఒక్కో ప్రతి మీద బరువుగా పడుతుంది.

పన్ను, తపాలా, గ్రంథాలయం

ముద్రిత పుస్తకానికి జీఎస్టీ లేదు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అమ్మే వస్తువుకు పన్ను లేకపోతే, దాని తయారీలో కట్టిన పన్ను తిరిగి రాదు. 2025 సెప్టెంబరు 22 నుంచి కాగితం మీద పన్ను 12 నుంచి 18 శాతానికి పెరిగింది. అదంతా పుస్తకం ఖర్చులోనే కలుస్తుంది. నోటుబుక్కుల కాగితానికి మినహాయింపు ఇచ్చి పుస్తకాల కాగితానికి ఇవ్వకపోవడం అన్యాయం. ఈ-పుస్తకానికి మొదట్లో 18 శాతం పన్ను ఉండేది. 2018 జూలై 27 నుంచి ముద్రిత రూపం కూడా ఉన్నవాటికి దాన్ని ఐదు శాతానికి తగ్గించారు. ఆ నిర్ణయం ప్రకారం కాగితం వాడకుండా నేరుగా ఈ-పుస్తకంగా వచ్చిన రచనకు తగ్గింపు లేదు. కొత్త రచయితలు ఎక్కువగా వచ్చేది ఆ దారిలోనే.

ఐఎస్‌బీఎన్ సంఖ్యకు మన దేశంలో రుసుము లేదు. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ సంస్థ ఉచితంగా ఇస్తుంది. అచ్చు ప్రతికి ఒకటి, ఈ-పుస్తకానికి వేరే ఒకటి తీసుకోవాలి.

తపాలా శాఖ 2024 డిసెంబరులో పాత బుక్‌పోస్టు సౌకర్యం ఎత్తేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలు విలవిల్లాడారు. 2025 మే 1న పుస్తకాలు పంపడానికి జ్ఞాన్ పోస్ట్ మొదలైంది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, ఐదు కిలోలకు 100 రూపాయలు, పన్ను అదనం. పైన చెప్పిన 192 పేజీల పుస్తకంలో కాగితమే 224 గ్రాములు. అట్ట, కవరు కలిపినా మొదటి మెట్టులోనే సరిపోవచ్చు. ఫైలుకు ఈ బాధ లేదు. సంగారెడ్డికి పంపినా సింగపూరుకు పంపినా ఒకటే. అమెరికాలో ఉన్న తెలుగువారికి ఒక పుస్తకం పంపాలంటే తపాలా ఖర్చు పుస్తకం వెలను మించిపోతుంది. ఆ పాఠకుల విషయంలో ఈ-పుస్తకానికి పోటీయే లేదు.

మరోవైపు, అచ్చుకు ఒక కొనుగోలుదారు ఉన్నాడు, ఈ-పుస్తకానికి లేడు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు. జిల్లా గ్రంథాలయ సంస్థలు ఆ నిధులతో కొనేది అచ్చు పుస్తకాలనే. తెలుగు ఈ-పుస్తకాలు కొని పాఠకులకు ఎరువిచ్చే ఏర్పాటు కూడా ఆ సంస్థలు చేస్తే ప్రచురణకర్తకు కొంత ముందస్తు భరోసా దొరుకుతుంది.

బడి పుస్తకాలు

ఎక్కువ కాపీలు అచ్చయ్యేవి బడి పుస్తకాలే. తెలంగాణ విద్యాశాఖ వాటి పీడీఎఫ్‌లను ఉచితంగా ఉంచుతుంది, అయినా ఏటా అచ్చు వేసి పంచుతుంది. పాశమైలారం షెడ్లలో పనిచేసే కుటుంబంలో ఒక ఫోనే ఉంటే, అది తండ్రితో పాటు షిఫ్టుకు వెళ్తుంది. పిల్లవాడికి పుస్తకం కావాలి. 2022–23లో ఒకవైపు ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలు వచ్చాక పేజీలు రెట్టింపై, కొన్నింటిని రెండు భాగాలు చేయాల్సి వచ్చింది. సంచి బరువు తగ్గించడానికి 2024లో లోపలి కాగితాన్ని 90 నుంచి 70 జీఎస్‌ఎంకు దించారు. కాగితం బరువు ఐదో వంతు పైగా తగ్గింది. కాగితం వాడకమూ ఆ మేరకు తగ్గింది. లక్షల కాపీల అచ్చులో స్థిర ఖర్చు ప్రతికి పైసల్లోకి దిగుతుంది. అక్కడ అచ్చు పుస్తకమే చవక. ప్రతి పిల్లవాడికీ చదివే పరికరం కొనివ్వాల్సి వస్తే ఆ ఖర్చుతో పోలికే ఉండదు.

తేల్చి చెప్పాలంటే, వేలల్లో లక్షల్లో అమ్మే పుస్తకానికి అచ్చు ఖర్చు భారం కాదు. దూరాన ఉన్న పాఠకులకు, రెండో ముద్రణకు నోచుకోని పాత పుస్తకాలకు, ఇక్రిశాట్ వంటి సంస్థల ఉచిత ప్రచురణలకు ఈ-పుస్తకమే తగినది. మూడు నాలుగు వందలు అమ్ముడయ్యే తెలుగు కథా సంపుటానికి రెండూ కలిపి తెచ్చుకుంటేనే గిట్టుబాటు. అందులో మన చేతిలో ఉన్న ఆదా ఒక్కటే, రెండోసారి టైపు చేయించాల్సిన పని లేకుండా చూసుకోవడం. మండలి, రామభద్ర, ఎన్టీఆర్, గిడుగు వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు ఉన్నాయి. వాటితో అచ్చుకు తగిన పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. ఇకముందు పుస్తకం వేసుకునే రచయితలూ ప్రచురణకర్తలూ డీటీపీ సెంటర్‌లో బిల్లు కట్టే ముందు, పీడీఎఫ్‌తో పాటు సరిదిద్దిన యూనికోడ్ ఫైలు కూడా అడిగి తీసుకోవాలి.